హన్మకొండలో ఒంటరిగా ఉండే అమ్మానాన్నలు రాత్రిపూట పడిపోకుండా ఏం చేయాలి?

మీ నాన్నగారికి 74 ఏళ్లు, రాత్రి బాత్రూమ్‌కు లేచినప్పుడు రెండుసార్లు తూలారని అడిగారు. మోకాళ్ల బలహీనత అని వదిలేయకండి, ముందు బీపీ చూపించండి. అది కూడా ఒక్కసారి కాదు: ఐదు నిమిషాలు పడుకోబెట్టి ఒకసారి, లేచి నిలబడ్డ నిమిషానికి ఇంకోసారి, మూడు నిమిషాలకు మళ్లీ. పై అంకె 20 గానీ, కింది అంకె 10 గానీ తగ్గితే నిలబడగానే రక్తపోటు పడిపోతోందన్నమాట. బీపీ మాత్రలు, ప్రొస్టేట్ మాత్రలు కూడా దీనికి కారణం కావచ్చు. మాత్రల చీటీ పట్టుకెళ్లి డాక్టర్‌ను అడగండి, సొంతంగా మాత్రం ఆపేయకండి. దగ్గర్లోని బస్తీ దవాఖానాలో బీపీ, షుగర్ ఉచితంగానే చూస్తారు.

అప్పటిదాకా, మెలకువ రాగానే నిలబడకుండా మంచం అంచున ఒకట్రెండు నిమిషాలు కూర్చోమనండి.

ఇక ఇల్లు. మన పాత ఇళ్లల్లో బాత్రూమ్ పెరట్లో ఉంటుంది, దారిలో ఎత్తు గడప, తడిస్తే జారే షాబాద్ బండలు. రాత్రంతా వెలిగే చిన్న బల్బు, గోడకు పట్టుకోవడానికి గట్టి స్టీల్ కడ్డీ పెట్టించండి. టవల్ తగిలించే రాడ్ మనిషి బరువు ఆపదు! లుంగీ పాదాల మీద పడకుండా చూడాలి. అసలు రాత్రికి మంచం పక్కన యూరిన్ డబ్బా పెడితే సగం టెన్షన్ పోతుంది. నాన్నగారు మొదట ఒప్పుకోరు, అమ్మతో చెప్పించండి.

వృద్ధుల హెల్ప్‌లైన్ 14567 నంబర్ కూడా ఫోన్‌లో వేసిపెట్టండి.