ర్యామ్ సరే, స్క్రీన్ సంగతేంటమ్మా?

తిరుపతి

చిరంజీవి అమ్ములుకు చిన్నాన్న ఆశీస్సులు.

నువ్వు పంపిన మూడు ల్యాప్‌టాప్‌ల వివరాలు చూశాను. ప్రాసెసర్, ర్యామ్ అన్నీ పోల్చి రాశావు గానీ, స్క్రీన్ దగ్గర మాత్రం ‘ఫుల్ హెచ్‌డీ’ అని ఊరుకున్నావు. ఎన్ని చుక్కలున్నాయో ఆ మాట చెబుతుంది. ఆ చుక్కలు ఎన్ని రంగులు చూపిస్తాయో చెప్పదు. నువ్వు చేయబోయేది పెళ్లి ఆల్బమ్‌ల డిజైనింగ్ తల్లీ, నీకు అదే ముఖ్యం.

స్టూడియో పెట్టిన కొత్తలో తక్కువకు వస్తోందని నేనూ రంగులు సరిగా చూపించని ల్యాప్‌టాప్ ఒకటి కొన్నాను. శ్రీకాళహస్తి వాళ్ల పెళ్లి ఆల్బమ్ దాని మీదే చేశాను. పెళ్లికూతురు ఎర్రచీర స్క్రీన్ మీద వెలిసిపోయినట్టు కనిపించేసరికి ఎరుపు పెంచుకుంటూ పోయాను. ప్రింట్ వచ్చాక చూస్తే చీర మడతలన్నీ ఒకే ఎర్రటి ముద్ద, అందరి ముఖాలూ కందగడ్డలు. ఆల్బమ్ మొత్తం నా డబ్బుతో మళ్లీ ప్రింట్ వేయించాను. ఆ అమ్మాయి ముఖం చిన్నబోవడం ఇప్పటికీ గుర్తుంది.

అందుకే వివరాల కాగితంలో ‘45 శాతం ఎన్‌టీఎస్‌సీ’ అని ఉంటే దాని జోలికి పోవద్దు. స్క్రీన్ ఎన్ని రంగులు చూపించగలదో చెప్పే కొలత అది. ఐపీఎస్ అని రాసి ఉన్నా సరే. ఐపీఎస్ రకం స్క్రీన్ అంటే పక్క నుంచి చూసినా రంగు పెద్దగా మారదని మాత్రమే, రంగులన్నీ చూపిస్తుందని కాదు. నీకు కావాల్సింది 100 శాతం ఎస్‌ఆర్‌జీబీ, అంటే ఫోటోలకు మామూలుగా వాడే రంగులన్నీ చూపించేది. కొందరు దాన్నే 72 శాతం ఎన్‌టీఎస్‌సీ అని రాస్తారు, రెండూ దాదాపు ఒకటే. వెలుగు 300 నిట్స్‌కు తగ్గకూడదు. మన ఎండలకు 250 నిట్స్ స్క్రీన్ కిటికీ పక్కన అద్దంలా నీ ముఖాన్నే చూపిస్తుంది.

ఇంకో చిక్కుంది. ఒకే మోడల్ పేరుతో రెండు మూడు రకాల స్క్రీన్ ప్యానెళ్లు వస్తుంటాయి. యూట్యూబ్‌లో మెచ్చుకున్నది ఒకటి, నీ చేతికొచ్చేది ఇంకొకటి కావచ్చు. కాబట్టి పేరు కాదు, పూర్తి మోడల్ నంబరు పట్టుకుని అడుగు.

ఓఎల్‌ఈడీ అని ఇంకో రకం స్క్రీన్ ఉంది. అందులో రంగులు బ్రహ్మాండంగా ఉంటాయి, కాదనను. కానీ ఫోటోషాప్‌లో పనిముట్లుండే పట్టీలు రోజంతా ఒకేచోట కదలకుండా ఉంటే కొన్నేళ్లకు వాటి మరక స్క్రీన్ మీద నిలిచిపోవచ్చు. వెలుగు తగ్గించినప్పుడు చాలావాటిలో మినుకు కూడా ఉంటుంది, కొందరికి తలనొప్పి వస్తుంది. నీకు మంచి ఐపీఎస్సే మేలని నా మాట.

ఆదివారం బస్టాండులో దిగగానే ఫోన్ చెయ్యి. మీ అమ్మ మెరూన్ పట్టుచీర సంచిలో పెట్టుకుని రా. ఆ చీర ఫోటో నా దగ్గర పెన్‌డ్రైవ్‌లో ఉంది. షాపులో చీరను స్క్రీన్ పక్కనే పెట్టి చూద్దాం.

మీ చిన్నాన్న