జర్మన్ కొలీగ్‌కి పుట్టినరోజు శుభాకాంక్షలు ముందే చెప్పొచ్చా?

కొలీగ్ పుట్టినరోజు ఆదివారం వస్తోంది కాబట్టి శుక్రవారమే జర్మన్‌లో విష్ చేసి కేక్ తెప్పిద్దామా అని మీరు అడిగారు. పక్కింటి టర్కిష్ వాళ్లకి బిడ్డ పుట్టింది, ఏమనాలి అని కూడా అడిగారు. ముందు పుట్టినరోజు సంగతి. వద్దండీ, సోమవారం దాకా ఆగండి.

మన దగ్గర "అడ్వాన్స్ హ్యాపీ బర్త్‌డే" అంటే ఎంత గుర్తుపెట్టుకున్నారో అని మురిసిపోతారు. జర్మన్లకు మాత్రం ముందే చెబితే అరిష్టమని నమ్మకం. మామూలుగా ఇలాంటివి పట్టించుకోని వాళ్లు కూడా ఈ ఒక్క విషయంలో ఇబ్బంది పడటం ఇక్కడ ఫ్రాంక్‌ఫర్ట్‌లో చూశాను. మా టీమ్‌లో కార్డు మీద అందరం ముందే సంతకాలు పెట్టేస్తాం, కానీ ఆ రోజు వచ్చేదాకా అది సొరుగులోంచి బయటకు రాదు.

సోమవారం కనబడగానే చెయ్యి కలిపి "నాఖ్‌ట్రేక్లిష్ ఆలెస్ గూటె" అనండి. ఆలస్యంగా చెబుతున్నా, అంతా మంచే జరగాలి అని. లేటయిందని ఎవరూ ఏమీ అనుకోరు. పుట్టినరోజు నాడే కలిస్తే "హెర్ట్స్‌లిషెన్ గ్ల్యుక్‌వున్ష్ సుమ్ గెబుర్ట్స్‌టాగ్". నోరు తిరగకపోతే వట్టి "ఆలెస్ గూటె" కూడా చక్కగా సరిపోతుంది.

కేక్ సంగతి వాళ్లకే వదిలేయండి. ఇక్కడ పుట్టినరోజు ఎవరిదైతే వాళ్లే కేక్ తెచ్చి అందరినీ పిలుస్తారు. చాలామంది ఇంట్లో చేసి తెస్తారు కూడా. ఒక ముక్క తిని, బాగుందని చెప్పడమే మన వంతు. 30, 40, 50 నిండే ఏడాది అయితే హడావుడి పెద్దగా ఉంటుంది, అప్పుడు అందరూ కలిసి కానుక కొంటారు.

కొత్త సంవత్సరానికీ ఇదే పట్టింపు. డిసెంబర్ చివర్లో "గూటెన్ రూట్ష్" అంటారు, అంటే కొత్త ఏడాదిలోకి హాయిగా జారిపోండి అని. "ఫ్రోయెస్ నోయెస్ యార్" (కొత్త సంవత్సర శుభాకాంక్షలు) మాత్రం 31 అర్ధరాత్రి దాటాకే.

ఇక బిడ్డ పుట్టిన మీ పక్కింటి టర్కిష్ వాళ్ల గురించి. "తెబ్రిక్లెర్" అంటే అభినందనలు, అది ఎక్కడైనా చెల్లుతుంది. కానీ బిడ్డ పుట్టినప్పుడు వాళ్లు ప్రత్యేకంగా అనే మాట ఒకటుంది: "అల్లాహ్ అనలి బబలి బ్యుయుత్‌స్యున్", తల్లీతండ్రీ నీడలో దేవుడు పెంచాలని దీవెన. నాకు తెలిసిన దీవెనల్లో ఇంత నిండుగా ఉన్నవి తక్కువ. మొత్తం నేర్చుకుని వెళ్లండి, చాలా సంతోషిస్తారు. వాళ్లే రేపు కారో ఇల్లో కొంటే "హాయిర్లి ఓల్సున్" అనాలి, అంటే శుభం కలగాలి అని. అది వారం తర్వాత కలిసినా చెప్పొచ్చు.