క్షమించాను, కానీ ఏటీఎం కార్డు తిరిగి ఇవ్వాలా?

ప్రశ్న: మాది పశ్చిమ గోదావరి జిల్లాలో ఒక మండల కేంద్రం. పెళ్లయి పన్నెండేళ్లు, ఇద్దరు పిల్లలు. ఆయన రైసు మిల్లులో గుమాస్తా. ఆదివారం ఆరాధనలో పాటలు నడిపిస్తారు, కానుకల లెక్క కూడా ఆయనే చూస్తారు. ఫోన్‌లో క్రికెట్ బెట్టింగు ఆడుతూ ఇదివరకే రెండుసార్లు దొరికిపోయారు. రెండుసార్లూ మోకాళ్ల మీద పడి ఏడ్చారు, క్షమించాను. ఇప్పుడు నా నాలుగు కాసుల నానుతాడు తాకట్టులో ఉందని, నా డ్వాక్రా లోను డబ్బు కూడా పోయిందని తెలిసింది. లోన్ యాప్‌ల వాళ్లు ఫోన్లు చేస్తున్నారు. అడిగితే "సైతాను నన్ను పడగొట్టాడు" అంటారు. గట్టిగా నిలదీస్తే చచ్చిపోతానంటారు. మా అత్తయ్య "హవ్వ దగ్గర్నుంచీ ఇల్లు చెడేది ఆడదానివల్లే, నువ్వు వాణ్ని సరిగ్గా చూసుకోలేదు" అంటున్నారు. పాస్టరమ్మగారు హోషేయ గ్రంథం చూపించి, "ఇశ్రాయేలు ఎన్నిసార్లు పడిపోయినా దేవుడు విడిచిపెట్టలేదు, నువ్వూ నీ భర్తను పూర్తిగా నమ్మాలి" అన్నారు. ఆయన ఏటీఎం కార్డు నేను తీసేసుకున్నాను. అది పాపమా? నాకు ప్రార్థన కూడా రావడం లేదు. పుట్టింటివాళ్లకు చెప్పాలా, వద్దా?
– ఒక సోదరి

జవాబు: సహోదరీ, వందనాలు.

కార్డు తీసుకోవడం పాపం కాదు. ఆయన అడిగినా, ఇంకెవరు చెప్పినా ఇప్పుడప్పుడే తిరిగి ఇవ్వకండి. ఎందుకో వాక్యంలోంచే చెబుతాను. అంతకంటే ముందు తేల్చుకోవలసిన సంగతి ఒకటి ఉంది.

"చచ్చిపోతాను" అన్న మాటను ఉత్త బెదిరింపని కొట్టిపారేయకండి. బెట్టింగు అప్పుల్లో మునిగినవాళ్లు ప్రాణాలు తీసుకున్న కుటుంబాలు మన జిల్లాల్లోనే ఉన్నాయి. అలాగని ఆ మాటకు భయపడి మీరు అప్పుల ఊసే ఎత్తకపోతే ఆయన లోపల్లోపలే ఇంకా కుమిలిపోతారు. మీ మరిదికో, ఆయన మాట వినే స్నేహితుడికో ఈ రోజే చెప్పండి. ఇంట్లో పురుగుమందు ఉంటే తీసి బయట పెట్టించండి. 14416కు ఫోన్ చేయండి. అది టెలీ మానస్ అని ప్రభుత్వం నడిపే ఉచిత సేవ. రాత్రీ పగలూ పలుకుతారు, తెలుగులో మాట్లాడతారు. ఆయన చేయనంటే మీరే చేసి, ఇంట్లో పరిస్థితి ఇదీ అని చెప్పి సలహా అడగండి.

ఇక అత్తయ్యగారి మాట. ఆదికాండం మూడో అధ్యాయంలో హవ్వ పండు తిన్న మాట నిజమే. అదే వచనంలో భర్తకూ ఇచ్చింది, అతడూ తిన్నాడు. ఎవరూ అతని నోరు పట్టి తెరిచి పెట్టలేదు. దేవుడు అడిగినప్పుడు ఆదాము చెప్పిన జవాబు చూడండి: "నాతో నుండుటకు నీవు నాకిచ్చిన ఈ స్త్రీయే". సగం తప్పు భార్య మీదకు, మిగతా సగం ఆమెను ఇచ్చిన దేవుడి మీదకు తోసేశాడు. మీ ఇంట్లో జరుగుతున్నదీ అదే, కాకపోతే ఆదాము తరఫున వాళ్లమ్మ మాట్లాడుతున్నారు. మోసపోయింది ఆదాము కాదు, స్త్రీయే అని పౌలు రాసిన ఒకటో తిమోతి రెండో అధ్యాయం ఆమె తీసి చూపించవచ్చు. రోమా ఐదో అధ్యాయంలో అదే పౌలు పాపం లోకంలోకి ఎలా వచ్చిందో చెబుతూ ఆదాము పేరే రాశాడు. ఈ సంగతి అత్తయ్యగారితో వాదించమని నేను చెప్పను, ఉన్న గొడవలు చాలు. మీ మనసుకు తెలిస్తే చాలు.

హవ్వ కూడా తక్కువ తినలేదు లెండి. సర్పం నన్ను మోసపుచ్చింది అంది. మీ ఆయన "సైతాను పడగొట్టాడు" అనడం ఆ వరసలోదే. సర్పం మోసం చేసిందన్నది అబద్ధమేమీ కాదు, దేవుడు దాన్ని శపించాడు కూడా. అయినా ఆ జవాబు విని హవ్వను, ఆదామును పోనీలే అనలేదు. ముగ్గురికీ విడివిడిగా తీర్పు చెప్పాడు. శోధన ఎక్కడినుంచైనా రావచ్చు. మీరూ పిల్లలూ పడుకున్నాక వంటింటి గుమ్మంలో కూర్చుని ఫోన్‌లో యూపీఐ పిన్ నొక్కింది మాత్రం ఆయన వేలే.

ఈ అధ్యాయంలో మీకు అక్కరకొచ్చేది దీని తర్వాత ఉంది. వాళ్లిద్దరూ అంజూరపు ఆకులు కుట్టి కట్టుకుని చెట్ల చాటున దాక్కున్నారు. దేవుడే తోటలోకి వచ్చి "నీవు ఎక్కడ ఉన్నావు" అని అడిగాడు. పడిపోయినవాడు ఆయన్ను వెతకలేదు, ఆయనే పడిపోయినవాడిని వెతికాడు. తీర్పు చెబుతూ చెబుతూనే, స్త్రీ సంతానం సర్పాన్ని తలమీద కొడుతుందని మాట ఇచ్చాడు. రెండో శతాబ్దంలో ఐరేనియస్ కాలం నుంచే సంఘం ఆ మాటను క్రీస్తును గురించిన వాగ్దానంగా చదువుకుంది. ఆ తర్వాత ఆకులు నిలవవని తెలిసినవాడు కాబట్టి వాళ్లకు చర్మపు చొక్కాయిలు చేసి తొడిగించాడు. అక్కడితో ఆగితే పాస్టరమ్మగారు చెప్పినట్టే ఉండేది. కానీ అధ్యాయం ఆగలేదు. చొక్కాయిలు తొడిగించిన దేవుడే వాళ్లను తోటలోంచి పంపేసి, జీవవృక్షానికి వెళ్లే దారిలో కెరూబులనూ ఖడ్గజ్వాలనూ కాపలా పెట్టాడు.

ఈ రెండు పనులూ చేసింది ఒకే దేవుడు, ఆ ఒక్క పూటలోనే. బట్ట ఇచ్చాను కదా అని దారి తెరిచి ఉంచలేదు, దారి మూసినంత మాత్రాన వాళ్లను విడిచిపెట్టనూ లేదు. తోట బయట మొదటి బిడ్డ పుట్టినప్పుడు హవ్వ యెహోవా దయవల్ల ఒక మనుష్యుని సంపాదించుకున్నానంటుంది. అంటే గుమ్మం మూసుకున్నాక కూడా ఆ దయ వాళ్ల వెంట వచ్చిందన్నమాట. మీరు తీసుకున్న ఏటీఎం కార్డు కూడా అలా కాపలా పెట్టిన గుమ్మమే అనుకోండి. ఆయనకు అన్నం పెట్టండి, పక్కన కూర్చోండి, మాట్లాడండి. కార్డు మాత్రం మీ దగ్గరే ఉంచండి.

హోషేయ సంగతికొస్తాను. పాస్టరమ్మగారు మంచి మనసుతోనే చెప్పి ఉంటారు, ఆ మాట కూడా నిజమే. యేసుక్రీస్తుకు ఎనిమిది శతాబ్దాల కిందట ఉత్తర ఇశ్రాయేలులో హోషేయ ప్రవక్త, తనను వదిలిపోయిన భార్యను పదిహేను తులాల వెండీ కొన్ని యవలూ ఇచ్చి విడిపించుకున్నాడు. దేవుడు తన ప్రజలను ఎంతగా పట్టుకుని ఉంటాడో చూపించడానికి ఇంతకంటే గట్టి సాక్ష్యం పాత నిబంధనలో దొరకదు. అయితే ఇది చెప్పేవాళ్లలో చాలామంది మూడో అధ్యాయం రెండో వచనం దగ్గర ఆపేస్తారు. మూడో వచనంలో, ఇంటికి తెచ్చుకున్న భార్యతో ఆయన చాలా రోజుల వరకు నువ్వు ఇలా ఉండాలి, ఇలా చేయకూడదు అని షరతులు పెట్టాడు. ప్రేమించాడు, డబ్బు కట్టి తెచ్చుకున్నాడు, హద్దులూ పెట్టాడు.

ఇంకోటి. హోషేయకు ఆ పెళ్లి ప్రవచనంలో భాగం. దేవుడు యెషయా ప్రవక్తను మూడేళ్లు వట్టికాళ్లతో, దిగంబరిగా తిరగమన్నాడు. యిర్మీయాను పెళ్లే చేసుకోవద్దన్నాడు. మన సంఘాల్లో ఎవరినీ యెషయాలా తిరగమని ఎవరూ అనరు. భార్యల దగ్గరికి వచ్చేసరికి మాత్రం అందరికీ హోషేయ గుర్తొస్తాడు. అదీ, ఆ కథలో మోసపోయింది భర్త అయినా సరే.

క్షమించడం, నమ్మడం వేరువేరు పనులు. డెబ్బది ఏళ్ల మారులు, అంటే డెబ్బై ఏడుల సార్లు, క్షమించమన్న యేసే, తన సూచకక్రియలు చూసి నమ్మామన్నవాళ్లకు తనను తాను వశం చేసుకోలేదని యోహాను రెండో అధ్యాయంలో ఉంది, వాళ్లెలాంటివాళ్లో ఆయనకు తెలుసు కాబట్టి. మీరు పగ పెట్టుకోకుండా ఉంటే క్షమించినట్టే. నమ్మకం మళ్లీ కుదరాలంటే మీ ఆయన పని చేసి చూపించాలి, అది కొన్ని నెలల మీద తేలుతుంది.

పాపాన్ని చూసీ చూడనట్టు వదిలేసే దేవుడైతే సిలువ అవసరం ఉండేది కాదు. మనమింకా పాపులుగా ఉండగానే క్రీస్తు మన కోసం చనిపోయాడని పౌలు రాశాడు. పడిపోయినవాడు లేచి నిలబడేవరకు దేవుడు ఆగలేదు, అలాగని అప్పు లేదనీ అనలేదు. దాన్ని క్రీస్తు మోశాడు. మీ ఆయన్ను రక్షించే పని క్రీస్తుది, మీకు అప్పగించలేదు. మీరు ఎంత బాగా నమ్మితే ఆయన అంత బాగా మారతారన్న లెక్క వాక్యంలో ఎక్కడా లేదు. ఆ బరువు దించేయండి.

మరి మీ ఆయన ఏం చేయాలి? ఏడవడం ఆయనకు వచ్చు, రెండుసార్లు చూశారు. దావీదు రాజుకు నాతాను ప్రవక్త యెహోవా నీ పాపమును పరిహరించెను అని చెప్పాడు, ఆ పాపం ఇంటి మీదకు తెచ్చిన కష్టాలు మాత్రం తప్పవనీ చెప్పాడు. పన్నులు వసూలు చేసే జక్కయ్య అన్యాయంగా తీసుకున్నదానికి నాలుగంతలు తిరిగి ఇస్తానన్నాడు. మీ ఆయన నాలుగంతలు ఇవ్వక్కర్లేదు, ఒక తెల్లకాగితం మీద ఉన్న అప్పులన్నీ రాసిస్తే చాలు. ఎవరి దగ్గర, ఎంత, ఏ వడ్డీకి, ఏ యాప్‌లో. ఒక్కటి కూడా దాచకుండా. సాధారణంగా మొదటిసారి రాసిన కాగితంలో సగమే ఉంటుంది. రెండు రోజులాగి మళ్లీ అడగండి. అరవకుండా "ఇంకా ఎక్కడైనా ఉందా" అనడిగితే ఎక్కువ బయటికొస్తుంది.

తర్వాత డాక్టరు. జూద వ్యసనాన్ని ప్రపంచ ఆరోగ్య సంస్థ జబ్బుల జాబితాలో చేర్చింది. ఇది వింటే కొందరు విశ్వాసులకు మింగుడుపడదు, పాపమా జబ్బా ఏదో ఒకటి చెప్పమంటారు. ఆదాము హవ్వల పతనం మన ఆత్మను ఒక్కదాన్నే పాడుచేసి మెదడునూ ఒంటినీ వదిలేసిందని బైబిలు చెప్పలేదు. షుగరుకు ప్రార్థనా చేస్తాం, మందూ వేసుకుంటాం. ఉపవాస కూటాలు మానమనడం లేదు, జిల్లా ఆసుపత్రిలో మానసిక వైద్యుణ్ని కూడా కలవమంటున్నాను.

కానుకల లెక్క వెంటనే వేరేవాళ్లకు అప్పగించమనండి. ఇది ఆయన్ను శిక్షించడానికి కాదు. బెట్టింగు ఊబిలో ఉన్న మనిషి ముందు డబ్బుసంచి పెట్టడమే ఆయనకు అన్యాయం. కారణం పాస్టరుగారికి ఒక్కరికే ఆయనే చెప్పుకోవాలి. పాటలు నడిపించడం ఆపాలా అన్నది పాస్టరుగారు ఆలోచిస్తారు, మీరు తల పెట్టకండి.

డబ్బు వ్యవహారం క్లుప్తంగా. నానుతాడు మీ స్త్రీధనం, భర్తకు దాని మీద హక్కు లేదని 1985లోనే సుప్రీంకోర్టు చెప్పింది. తాకట్టు రసీదు మీ దగ్గర పెట్టుకోండి, గడువు తేదీ చూసుకోండి, కనీసం వడ్డీ కడుతూ వేలానికి పోకుండా ఆపండి. డ్వాక్రా గ్రూపు లీడరుకు వాయిదా తేదీకి ముందే చెప్పండి, చివరి నిమిషంలో తెలిస్తే మిగతా సభ్యులకూ ఇబ్బంది, మీ మాటకూ విలువ పోతుంది. లోన్ యాప్‌ల వాళ్లు ఫోన్‌లోని నంబర్లు తీసుకోకూడదని రిజర్వు బ్యాంకు 2022లోనే నిబంధన పెట్టింది, బెదిరిస్తే సైబర్ నేరాల నంబరు 1930కు ఫిర్యాదు చేయండి. డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను 2025 ఆగస్టులో కేంద్రం చట్టం చేసి నిషేధించింది. అయినా లింకులు వస్తూనే ఉంటాయి కాబట్టి, ఆయన ఒప్పుకుంటే కొన్నాళ్లు బటన్ల ఫోను వాడమనండి.

ప్రార్థన రావడం లేదన్నారు. యెరూషలేము క్రీస్తుపూర్వం 586లో తగలబడ్డాక పుట్టింది విలాపవాక్యముల గ్రంథం. "నీవు ఎంతైన నమ్మదగినవాడవు" అని మన ఇళ్లలో క్యాలెండర్ల మీద ఉండే మాట అందులోదే, మూడో అధ్యాయం ఇరవై మూడో వచనంలో. దానికి ముందు ఇరవై వచనాల దాకా వట్టి ఏడుపు, నన్ను చీకట్లో కూర్చోబెట్టాడు, మొరపెట్టినా వినడం లేదు అని. ఆ మంచి మాట తర్వాత కూడా ఏడుపు తీరలేదు. గ్రంథం చివరి వచనం నీవు మమ్మును విసర్జించావనే ఆక్రోశంతోనే ముగుస్తుంది. ఎవరూ దాన్ని దిద్ది బాగుచేయలేదు, అలాగే లేఖనాల్లో ఉంచారు. కాబట్టి మీకు స్తుతి రాకపోతే రాకపోనివ్వండి. ఐదు అధ్యాయాలూ రోజుకొకటి పైకి చదవండి, మీ మాటలు కలపకపోయినా ఫరవాలేదు. కోపం ఉందని ప్రభువు బల్ల దగ్గరకు పోవడం మానేయకండి.

పుట్టింటివాళ్లకు చెప్పండి. దాచడం ఈ ఇంట్లో ఇప్పటికే ఎక్కువైంది. అప్పు తీర్చమని మాత్రం అడగొద్దు, వాళ్లంతట వాళ్లు తీరుస్తామన్నా ఒప్పుకోవద్దు. ఒక్కసారిగా అప్పు తీరిపోతే మళ్లీ ఆడడానికి చేతులు ఖాళీ అవుతాయి, ఇలాంటి ఇళ్లలో చాలాసార్లు జరిగేది అదే. నానుతాడు విడిపించడానికి సాయం చేస్తామంటే డబ్బు మీ చేతికో, నేరుగా తాకట్టు ఆఫీసుకో రావాలి. ఆయనకు తెలియకుండా చెప్పకండి. "వచ్చే ఆదివారం ఆరాధన అయ్యాక మా నాన్నగారు వస్తున్నారు, మీరు రాసిన కాగితం మనిద్దరం కలిసి చూపిద్దాం" అనండి. ఆయన కూర్చోనంటే మీరొక్కరే చూపించండి.