‘హావ్ బీన్’ ఎక్కడ వాడాలి?

ప్రశ్న: నేను ప్రైవేటు పాఠశాలలో ఉపాధ్యాయురాలిని. ఒక ఇంటర్వ్యూలో ‘ఐ యామ్ టీచింగ్ సిన్స్ ఫైవ్ ఇయర్స్’ అన్నాను. అది తప్పన్నారు. ఇప్పటికీ పాఠాలు చెబుతూనే ఉన్నప్పుడు ‘యామ్ టీచింగ్’ ఎలా తప్పవుతుంది?
– ఒక పాఠకురాలు, ఖమ్మం

జవాబు: మీ సందేహం న్యాయమైనదే. తెలుగులో ‘ఇప్పుడు పాఠం చెబుతున్నాను’ అన్నా, ‘ఐదేళ్లుగా పాఠాలు చెబుతున్నాను’ అన్నా క్రియ మారదు. ఎంతకాలమన్నది ‘ఐదేళ్లుగా’ అన్న మాటే చెబుతుంది. ఇంగ్లిషులో అలా కుదరదు. గతంలో మొదలై నేటికీ సాగుతున్న పని ఎంతకాలంగా సాగుతున్నదో చెప్పేటప్పుడు క్రియ కూడా మారి ‘హావ్ బీన్ టీచింగ్’ అవుతుంది. కర్త ‘హి’, ‘షి’, ‘ఇట్’ అయితే ‘హాజ్ బీన్’ వస్తుంది.

మీ వాక్యంలో రెండో పొరపాటు ‘సిన్స్’. మనం ‘2019 నుంచి’ అంటాం, ‘ఐదేళ్ల నుంచి’ అనీ అంటాం. ఇంగ్లిషులో మొదలైన సమయానికి ‘సిన్స్’, గడిచిన వ్యవధికి ‘ఫర్’ వాడాలి. కాబట్టి ‘ఐ హావ్ బీన్ టీచింగ్ ఫర్ ఫైవ్ ఇయర్స్’ అనండి.

ఈ రూపాన్ని ‘ఇంకా సాగుతున్న పని’కి మాత్రమే పరిమితం చేసి బోధించడం సరికాదని నా అభిప్రాయం. వాన ఇప్పుడే వెలిసినా, తడిసిన రోడ్డును చూసి ‘ఇట్ హాజ్ బీన్ రెయినింగ్’ అనవచ్చు. పని ఆగినా దాని జాడ కళ్లెదుట ఉండటమే ఇక్కడ ముఖ్యం. అలాగే, తొమ్మిది గంటల నుంచి జవాబు పత్రాలు దిద్దుతూనే ఉన్నానని చెప్పాలంటే ‘ఐ హావ్ బీన్ కరెక్టింగ్ పేపర్స్ సిన్స్ నైన్’ అంటాం. అదే నలభై పత్రాలు పూర్తయ్యాయని లెక్క చెప్పాలంటే ‘ఐ హావ్ కరెక్టెడ్ ఫార్టీ పేపర్స్’ అనాలి. మొదటి వాక్యం దృష్టి సాగిన శ్రమ మీద, రెండో దాని దృష్టి ఫలితం మీద ఉంటుంది.

‘నో’, ‘బిలీవ్’, ‘ఓన్’ వంటి స్థితిని తెలిపే క్రియలకు సాధారణంగా ఈ రూపం పనికిరాదు. ఆమె పదేళ్లుగా తెలుసని చెప్పాలంటే ‘ఐ హావ్ నోన్ హర్ ఫర్ టెన్ ఇయర్స్’ అనాలే తప్ప ‘హావ్ బీన్ నోయింగ్’ అనకూడదు. అయితే ‘లివ్’, ‘వర్క్’, మీ ‘టీచ్’ విషయంలో రెండు రూపాలూ చెల్లుతాయి గనుక, ఇంటర్వ్యూలో ‘ఐ హావ్ టాట్ ఫర్ ఫైవ్ ఇయర్స్’ అన్నా మీ జవాబు సరైనదే.