వెల్లుల్లి మెడలో పిలకలు: వైరస్ కాదు, నత్రజని ఎక్కువైంది

సందేహం: ఇంటి అవసరానికి అర గుంటలో ఎల్లిగడ్డ వేశాను. అక్టోబరు మొదటి వారంలో రెబ్బకూ రెబ్బకూ అడుగు దూరం ఇచ్చి నాటాను. విత్తనం బజారులో కొన్నదే. పాడవకుండా ఉంటుందని ఆగస్టు నుంచి ఫ్రిజ్‌లో పెట్టాను. దుక్కిలో రెండు బస్తాల కోళ్ల ఎరువు, ఆ తర్వాత నెలకో కిలో చొప్పున మూడుసార్లు యూరియా వేశాను. జనవరి వచ్చింది, మొక్కలు ముదురు పచ్చగా, ఏపుగా ఉన్నాయి. కానీ సగానికి పైగా మొక్కల్లో మెడ లావెక్కి, పక్కల నుంచి గడ్డిపోచల్లాంటి సన్నటి ఆకులు గుంపుగా వస్తున్నాయి. కొన్నిటికి కాండం మధ్యలో బఠాణీ గింజంత బుడిపెలు ఉన్నాయి. మందుల షాపులో చూపిస్తే వైరస్ అన్నారు. ఇమిడాక్లోప్రిడ్ అనే పురుగుమందు, ఒక టానిక్, ఒక వైరస్ మందు ఇచ్చారు. ఒకసారి కొట్టాను, తగ్గలేదు. రెండోసారి కొట్టాలా?
– ఒక రైతు, సంగారెడ్డి జిల్లా

జవాబు: కొట్టవద్దు. మీ పంటకు వైరస్ రాలేదు. మొక్కలో వైరస్‌ను చంపే మందంటూ ఏదీ లేదు. ఆ పేరుతో ఏది అమ్మినా డబ్బు దండగే.

వైరస్ సోకిన వెల్లుల్లిలో ఆకుల మీద పసుపు చారలు పడతాయి, మొక్క గిడసబారుతుంది. మీ మొక్కలు ముదురు పచ్చగా, ఏపుగా ఉన్నాయని మీరే రాశారు. అనుమానం తీరాలంటే పిలకలు వచ్చిన మొక్కను ఒకటి పీకి, గడ్డను అడ్డంగా కోయండి. లోపల రెబ్బలు ఏర్పడి, ఒక్కో రెబ్బ నుంచి ఒక్కో సన్నటి ఆకు మెడలోంచి పైకి పొడుచుకొస్తూ కనిపిస్తే అది తెగులు కాదు. గడ్డ ఊరి, పొరల్లో నిద్రపోవలసిన రెబ్బలు నిద్రపోకుండా అప్పుడే మొలకెత్తుతున్నాయి. వీటినే మారు మొలకలు అంటాం. కాండంలో కనిపించే బుడిపెలు కూడా తెగులు కాదు. పూకాడ పైకి రాలేక లోపలే ఆగిపోయినప్పుడు అలా చిన్న చిన్న గడ్డలు కడతాయి. వాటిని తినవచ్చు. నాటితే మొదటి ఏడాది ఒంటి రెబ్బ గడ్డలు వస్తాయి, వాటిని ఆ తర్వాతి ఏడాది నాటితే మామూలు గడ్డలు వస్తాయి.

మీరు రాసినదాంట్లో దీనికి మూడు కారణాలు కనిపిస్తున్నాయి. ముఖ్యమైనది ఎరువు. అర గుంట అంటే సుమారు 50 చదరపు మీటర్లు. మాగిన పశువుల ఎరువు 100 కిలోలు వేసుకుంటే, ఆపైన ఈ స్థలానికి పంటకాలం మొత్తానికీ 810 గ్రాముల యూరియా చాలు. మీరు 3 కిలోలు వేశారు. అక్కడికే మూడున్నర రెట్లు దాటింది. కోళ్ల ఎరువులో నత్రజని నూటికి 2 నుంచి 3 పాళ్లు ఉంటుంది, యూరియాలో 46 పాళ్లు. రెండు బస్తాలు, అంటే 100 కిలోల ఎరువులోని నత్రజనిలో సగమే పంటకు అందిందనుకున్నా, మరో రెండు మూడు కిలోల యూరియా వేసినట్టే. ఇంత నత్రజని, అదీ గడ్డ ఊరే సమయంలో అందితే మొక్క గడ్డ కట్టడం మాని ఆకు వేస్తుంది.

రెండోది ఫ్రిజ్. చల్లదనం వెల్లుల్లిని నిద్రపుచ్చదు, లేపుతుంది. 10 డిగ్రీల లోపు చలిలో నెలకు మించి ఉన్న రెబ్బలను నాటితే గడ్డలు వంకర తిరగడం, పక్క మొలకలు రావడం ఎక్కువ. మూడోది దూరం. అడుగుకొక మొక్క ఉంటే పోటీ ఉండదు. నీరు, ఎరువు అంతా దానికే అందడంతో పిలకలకు ఇంకా ఊపు వస్తుంది.

ఇక ఆ టానిక్. సీసా మీద జిబ్బరెల్లిక్ ఆమ్లం (మొక్క ఎదుగుదలను పెంచే హార్మోను) అని ఉందేమో చూడండి. ఉంటే దాన్ని ఈ పంట దగ్గరికి కూడా తీసుకెళ్లవద్దు. వెల్లుల్లిలో అది పక్క మొగ్గలను ఇంకా లేపుతుంది. మొక్కను పీకి చూడకుండా, ఏం ఎరువు వేశారని అడగకుండా మూడు సీసాలు చేతిలో పెట్టేవారి మాట మీద మందు కొట్టకండి. లేబుల్ మీద వెల్లుల్లి పేరు ఉందా అని చూడండి. లేకపోతే కొనకండి. తినే పంట ఇది, అందులోనూ ఇంటి పిల్లలు తినే పంట. ఇమిడాక్లోప్రిడ్ ఆకు లోపలికి ఇంకే మందు. ఒకసారి కొట్టారు కాబట్టి ఈ సీజన్‌లో ఆకును పప్పులోకీ పచ్చడిలోకీ తెంపుకోవద్దు.

ఇప్పుడు చేయాల్సింది తక్కువే. యూరియా పూర్తిగా ఆపండి. పిలకలను కత్తిరించకండి. కోస్తే గాయాల్లోంచి కుళ్లు చేరుతుంది తప్ప గడ్డ బాగుపడదు. నీళ్లు 8 నుంచి 10 రోజులకోసారి, మడిలో నిలవకుండా ఇవ్వండి. తవ్వడానికి రెండు వారాల ముందు నీళ్లు ఆపేయండి. సగం ఆకులు పసుపు తిరిగితే కోతకు వచ్చినట్టు. పిలకలు వచ్చిన గడ్డలను వేరుగా తవ్వి ముందు వాడేయండి, అవి నిల్వ ఉండవు. విత్తనానికి పిలకలు లేని మొక్కల గడ్డలే తీసి పెట్టుకోండి.

ఆకుల మీద వెండి రంగు మచ్చలుంటే అవి తామర పురుగులవి. అప్పుడు వేపనూనె 1500 పి.పి.ఎం. లీటరు నీటికి 5 మి.లీ. చొప్పున సాయంత్రం పిచికారీ చేయండి. ఆకులు మెలితిరిగి ఒకదానికొకటి చిక్కుకుంటే నల్లి. దానికి నీటిలో కరిగే గంధకం లీటరుకు 3 గ్రాములు, ఎండలో కాకుండా సాయంత్రమే కొట్టాలి. తామర పురుగు, నల్లి రెండూ లేకపోతే ఏదీ కొట్టవద్దు.

వచ్చే రబీకి విత్తన గడ్డలను ఆకుతోనే జుట్లు కట్టి, గాలి ఆడే నీడలో వేలాడదీయండి. నాటే రోజే రెబ్బలు విడదీసి, బయటి వరుసలోని లావు రెబ్బలే ఎంచుకోండి. నడిమి సన్న రెబ్బలు నాటినా, డిసెంబరు దాకా ఆలస్యం చేసినా ఒంటి రెబ్బ గడ్డలు ఎక్కువవుతాయి. వరుసల మధ్య 15, మొక్కల మధ్య 10 సెంటీమీటర్లు చాలు. అర గుంటకు సింగిల్ సూపర్ ఫాస్ఫేట్ కిలోంబావు, మ్యూరేట్ ఆఫ్ పొటాష్ 335 గ్రాములు దుక్కిలో వేయండి. యూరియా 270 గ్రాములు నాటేటప్పుడు, 270 గ్రాములు 30వ రోజున, మిగిలిన 270 గ్రాములు 45వ రోజున. 45 రోజులు దాటాక గుప్పెడు కూడా వద్దు, మొక్క పాలిపోయినట్టు కనిపించినా సరే.

ఈ లెక్క కూడా మామూలు నేలకు చెప్పింది. మీ మడిలో ఇప్పుడు ఎంత నత్రజని మిగిలి ఉందో, ఉప్పు ఎంత పేరుకుందో పరీక్ష చేస్తేనే తెలుస్తుంది. వెల్లుల్లి తవ్వాక, ఏప్రిల్ లేదా మే నెలలో, కొత్తగా ఏ ఎరువూ వేయకముందే మట్టి తీయండి. పై చెత్త తీసేసి, ఐదారు చోట్ల 'వి' ఆకారంలో 15 సెంటీమీటర్ల లోతు గుంట తవ్వి, పక్క గోడ నుంచి పైనుంచి కింది దాకా అంగుళం మందాన మట్టి గీకండి. గట్ల పక్కన, చెట్ల నీడలో, పెంట కుప్ప ఉన్న చోట తీయవద్దు. అంతా కలిపి నాలుగు భాగాలు చేసి, ఎదురెదురు భాగాలు ఉంచుకుంటూ అర కిలోకు తగ్గించి, నీడలో ఆరబెట్టి, శుభ్రమైన సంచిలో మీ వ్యవసాయ విస్తరణ అధికారికి ఇవ్వండి. ఎరువు బస్తా సంచిలో మాత్రం పంపకండి, ఫలితం తప్పుగా వస్తుంది. ఫలితం చేతికి వచ్చేదాకా ఆ మడిలో కోళ్ల ఎరువు వేయకండి.