నడుమ కాస్త వణకాలి

అమ్మాయీ,

ఆశీస్సులు. నీ ఉత్తరం, దాంతోపాటు ఫ్రెంచి చాక్లెట్ కేకు మీద రాసి పంపిన వ్యాసం అందాయి. వ్యాసం రెండుసార్లు చదివాను. మొదటిసారి కాఫీ తాగుతూ, రెండోసారి ఎర్ర పెన్ను పట్టుకుని. ఉత్తరంలో ఆరు చోట్ల "మేడమ్ గారూ" అన్నావు. మేడమ్ అంటే గారు అక్కర్లేదు, గారు అంటే మేడమ్ అక్కర్లేదు. పెద్దమ్మా అను, సరిపోతుంది.

వ్యాసం బాగా రాలేదు. కేకు మాత్రం బాగానే వచ్చి ఉంటుందని నా అనుమానం. ఎందుకంటే మూడో పేజీలో ఓ మూల ఒక వాక్యం నక్కి ఉంది: "చల్లారాక మధ్యలో గుంట పడింది, అమ్మ చూస్తుందని క్రీము పోసి కప్పేశాను." మూడు పేజీల్లో నీ వంటింట్లోంచి వచ్చిన వాక్యం అదొక్కటే. దాన్ని తీసుకెళ్లి మొట్టమొదట పెట్టు.

ఇప్పుడు మొదట ఉన్నదేంటి? పారిస్ వీధులు, చల్లగాలి, ఈఫిల్ టవర్, కాఫీ కప్పు పక్కన కేకు ముక్క. నువ్వు పారిస్ వెళ్లలేదు. వెళ్లినా ఈ కేకు అక్కడ అద్దాల అలమరలో తళతళలాడుతూ కనబడదు. కొట్లో క్రీము నింపిన ఎక్లేర్లూ పళ్ల టార్టులూ పొరలు పొరలుగా పేర్చినవీ ఉంటాయి. నువ్వు చేసింది ఇంటి కేకు. పిల్లల పుట్టినరోజుకీ, ఆదివారం భోజనానికీ అమ్మలూ అమ్మమ్మలూ చేసేది. వాళ్లు దాన్ని "గాతో ఓ షొకొలా" అంటారు, అంటే చాక్లెట్ కేకు, అంతే. మన ఇళ్లలో పప్పుచారుకి వేరే బిరుదులు ఉండవు కదా, అలాగన్నమాట.

నాకెలా తెలుసంటే, మా అమ్మాయి పురిటికని తూలూజ్ వెళ్లాను. ఫ్రాన్సులో దక్షిణాన, గులాబీ రంగు ఇటుకల ఊరు. సాయంత్రం ఎండ పడితే గోడలన్నీ కాలిన కుండల్లా కనిపిస్తాయి. పసివాణ్ణి చూడ్డానికి పై అంతస్తు పెద్దావిడ ఒక పళ్లెం పట్టుకుని వచ్చింది. అందులో ఉన్నదాన్ని చూసి నాకు జాలేసింది. పైన నెర్రెలు, నడుమ గుంట, అంచులు ఎగుడుదిగుడు. పాపం కూలిపోయింది, అయినా మొహమాటపడకుండా తెచ్చింది అనుకున్నాను. కత్తి పెట్టగానే పైపొర పూతరేకులా చిట్లింది. దాని కింద రెండు వేళ్ల మందాన నల్లటి గుజ్జు, కత్తికి అంటుకుని వచ్చింది. నోట్లో పెట్టుకున్నాక ఇక జాలి నా మీదే వేసింది, అన్నాళ్లూ బేకరీ స్పాంజిని కేకు అనుకుని బతికినందుకు.

మర్నాడు నన్ను తన వంటింట్లోకి పిలిచింది. ఆవిడకి తెలుగు రాదు, నాకు ఫ్రెంచి రాదు, ఇంగ్లీషు ఇద్దరిదీ అంతంతమాత్రం. కొలతలు వేళ్లతో చూపించింది. అక్కడ వంటకని అమ్మే చాక్లెట్ పలక దాదాపు 200 గ్రాములుంటుంది. ఒక పలక, అంతే తూకం వెన్న, 150 గ్రాముల పంచదార, 5 గుడ్లు, 50 గ్రాముల మైదా. బేకింగ్ పౌడర్ లేదు, వంటసోడా లేదు. ఒక్కో ఇంట్లో ఈ కొలతలు ఇటూ అటూ అవుతాయి. కొందరు మైదా బదులు బాదం పొడి వేస్తారు; బాదం పడే ఇలాంటి కేకుకే ఒకదానికి షేబ దేశపు రాణి పేరు పెట్టుకున్నారు వాళ్లు.

చాక్లెట్టూ వెన్నా కలిపి, మరిగే నీళ్ల గిన్నె మీద ఇంకో గిన్నె పెట్టి కరిగించింది. పచ్చసొనలు పంచదారతో తెల్లబారేదాకా గిలక్కొట్టి అందులో కలిపింది, తర్వాత మైదా. తెల్లసొన విడిగా నురుగు తీసింది. బీటర్ ఎత్తి చూపించి "బెక్ దువాజో" అంది. నాకు అర్థం కాలేదు. ముక్కు దగ్గర వేళ్లు పెట్టి కిందకి వంచింది. బీటర్ చివర నురుగు మొన తేలి, కొస మాత్రం కిందకి వంగి ఉంది. "చిలకముక్కు!" అన్నాను. ఆవిడకి ఆ మాట ఎంత నచ్చిందంటే, ఆ తర్వాత మెట్ల మీద ఎదురైనప్పుడల్లా నమస్కారం బదులు "చిలకముక్కు" అనేది.

అసలు సంగతి చివర్లో. కేకు ఓవెన్లో పెట్టాక ఆవిడ గడియారం వంక చూడలేదు. మాటల్లో పడి, మధ్యలో వాసన పసిగట్టి లేచింది. గుడ్డతో టిన్ను పట్టుకుని చిన్నగా కదిపింది. అంచులు గట్టిగా నిలబడ్డాయి. నడుమ అరచేయంత మేర వణికింది. ఉడికిన జున్ను గిన్నె కదిపితే వణుకుతుందే, అచ్చం అలా. "వ్వాలా", అంటే ఇదిగో, అంటూ తీసేసింది. మనం చేసే పని ఏంటి? అగ్గిపుల్ల గుచ్చి, తడి అంటిందని మళ్లీ పది నిమిషాలు పెడతాం. ఈ కేకుకి పుల్ల పొడిగా వచ్చిందంటే పని అయిపోయినట్టే, తినడానికి కాదు, విసిరికొట్టడానికి.

ఇంతా చూసొచ్చి నేనేం చేశానో విను. తిరిగొచ్చాక ఒక పత్రికకి ఈ కేకు రాశాను. చిలకముక్కు రాయలేదు, జున్ను రాయలేదు. "180 డిగ్రీల వద్ద 30 నిమిషాలు బేక్ చేయవలెను" అని ఠీవిగా రాశాను. డిగ్రీలూ నిమిషాలూ రాస్తే గౌరవంగా ఉంటుంది అనిపించింది, జున్ను అంటే నాటుగా ఉంటుందనిపించింది. ఉత్తరాలు వచ్చాయి. ఒకావిడ, గాలికి తలుపు కొట్టుకోకుండా మా వారు మీ కేకుని అడ్డం పెట్టుకున్నారండీ అని రాసింది. ఇంకొకావిడకి లోపల పచ్చిపిండి. ఇద్దరూ 180 దగ్గరే మీట పెట్టారు. ఒకరి ఓటీజీలో, అదే ఇంట్లో వాడే చిన్న కరెంటు ఓవెన్లో, 180 అంటే 200, ఇంకొకరి దాంట్లో 160. తప్పు నాదే. ఆవిడ చూపించిన గుర్తు నా దగ్గరుంది. దాన్ని దాచిపెట్టి, ఆవిడ చూడనే చూడని గడియారాన్ని పాఠకుల చేతికిచ్చాను.

నీ వ్యాసంలోనూ అదే జరిగింది. నిమిషాలు రాయొద్దని కాదు. "ఇరవై నిమిషాల తర్వాత చూడ్డం మొదలుపెట్టండి" అని రాయి. చూసి ఏం కనబడాలో ఆ తర్వాతి వాక్యంలో ఉండాలి.

మనకి ఇది కొత్త విద్య కూడా కాదు. అరిసెల పాకం ఎవరైనా థర్మామీటరుతో చూశారా? చుక్క నీళ్లలో వేస్తే ఉండ కట్టాలి. బూందీ లడ్డూకి తీగ సాగాలి. ఫ్రెంచివాళ్ల పాత వంట మాటలూ ఇవే. లేతపాకం దారాన్ని "ఫిలే" అంటారు, దారమనే అర్థం. నీళ్లలో మెత్తటి ఉండ కడితే "పెటీ బులే", చిన్న ఉండ. బల్ల మీద ఉంచి మెత్తబడనిచ్చిన వెన్నని "పొమాద్" అంటారు, అంటే లేపనం. మరి మన తీగపాకం, ఉండపాకం అన్న మాటలు నోట్లో ఉండగా నువ్వు "స్మూత్ అండ్ వెల్వెటీ కన్సిస్టెన్సీ వచ్చే వరకు" అని ఎందుకు రాశావు? వెల్వెట్‌ని నాకి చూసినవాళ్లు లేరమ్మా.

అలాగే "నురుగును మిశ్రమంలోకి మడత పెట్టాలి" అని రాశావు. చీరా? ఇంగ్లీషు వంటల్లో "ఫోల్డ్" అనే మాట ఉంటే ఉండనీ. ఇంట్లో పులిహోర కలిపేటప్పుడు అమ్మ చెయ్యి చూడు. మెతుకు విరక్కుండా, అడుగునుంచి ఎత్తి పైకి తిప్పి వదులుతుంది. నురుగూ అలాగే కలపాలి, ముందు ఓ గరిటెడు వేసి పిండి పలచబరిచి, మిగతాది రెండు విడతలుగా. పులిహోర అని రాస్తే చదివేవాళ్ల చేతికి తెలిసిపోతుంది.

ఇప్పుడు నీ గుంట సంగతి. అది ఎందుకు పడిందో రాయి, అందరూ అక్కడే భయపడతారు. ఈ కేకుని లేపేది తెల్లసొన నురుగులో చిక్కిన గాలీ, తడిలోంచి పుట్టే ఆవిరీ. పొయ్యి వేడికి అవి ఉబ్బుతాయి, కేకు పొంగుతుంది. బయటికి తీశాక గాలి చల్లబడి కుంచించుకుంటుంది. నిలబెట్టడానికి పిండి ఉన్నది గుప్పెడే. దాంతో నడుమ కుంగుతుంది, పైపొర నెర్రెలిస్తుంది. పడాల్సిన గుంటే అది. నువ్వు క్రీము పోసి కప్పింది తప్పుని కాదు, ఆనవాలుని. వాళ్లమ్మ చూస్తుందని కప్పేసిన పిల్ల, ఆ గుంటే ఉండాలని తర్వాత తెలుసుకోవడం, ఇంతకంటే మంచి ఎత్తుగడ నీకెక్కడ దొరుకుతుంది?

లావా కేకూ ఇదీ ఒకటే అని రాశావు, కొట్టేశాను. కోస్తే లోపల్నించి చాక్లెట్ కారేదాన్ని మిషెల్ బ్రాస్ అనే వంటాయన 1981లో లయోల్ అనే పల్లెటూళ్లో తయారుచేశాడు. చాక్లెట్ క్రీముని గడ్డకట్టించి పిండి నడుమ పెట్టి కాల్చడం ఆయన కిటుకు. అది హోటలు పళ్లేనికి పుట్టింది, నీది ఇంటి బల్లకి. వాటిని కలపకు.

చరిత్రకి ఒకటిన్నర పేజీ ఖర్చుపెట్టావు, మెక్సికో నుంచి మొదలుపెట్టి. అంతా తీసెయ్. ఉంచాలనిపిస్తే ఫ్రాన్సులోని బయోన్ ఊరి ముక్క ఒకటి ఉంచు. స్పెయిన్, పోర్చుగల్ దేశాల్లో మతవిచారణకి తట్టుకోలేక పారిపోయి వచ్చిన యూదులు 17వ శతాబ్దంలో ఆ ఊళ్లో చాక్లెట్ పని మొదలుపెట్టారు. ఊరివాళ్లు వాళ్ల దగ్గరే నేర్చుకుని, తర్వాత సంఘం కట్టి వాళ్లనే ఆ పని చెయ్యనివ్వకుండా చూశారు. అందులో ఒక కథ ఉంది. రాజుల పెళ్లిళ్ల జాబితాలో లేదు.

దానికి బదులు మన దగ్గర వచ్చే చిక్కులు రాయి, నీ పాఠకులకి పనికొస్తాయి. చిన్న ఊళ్లలో కేకు సామాన్ల కొట్లో "డార్క్ చాక్లెట్" అడిగితే చాలాసార్లు కాంపౌండ్ ఇస్తారు. చవక, కరిగించడం తేలిక, కానీ అందులో కోకో వెన్న బదులు వేరే నూనెకొవ్వు ఉంటుంది. నాలుక మీద మైనంలా నిలుస్తుంది. వెనక రాసింది చదవమను: కోకో బటర్ అని ఉండాలి. ఉప్పు వెన్న దొరికితే కంగారు అక్కర్లేదు, ఫ్రాన్సులోనే బ్రిటనీ ప్రాంతంవాళ్లు ఉప్పు వెన్న లేనిదే ఏదీ చెయ్యరు. విడిగా ఉప్పు వెయ్యకపోతే చాలు. మన గుడ్లు కాస్త చిన్నవి, 5 అన్నచోట నేను 6 వేస్తాను. కరిగే చాక్లెట్‌లో నీటి చుక్క పడితే మొత్తం బిగుసుకుని ఇసకలా అవుతుంది, గిన్నె అడుగు తుడవడం మర్చిపోతే జరిగేది అదే. పారబొయ్యకుండా ఇంకో రెండు మూడు చెంచాల వేడినీళ్లు పోసి తిప్పితే మళ్లీ జారుతుంది. చుక్క పడితే చెడింది, చెంచాలు పోస్తే బాగుపడింది, వింతే కానీ నిజం.

ఇక ఎండ. కోకో వెన్న 34 డిగ్రీలకల్లా కరిగిపోతుంది. తూలూజ్ ఇంట్లో కేకు బల్ల మీదే గట్టిపడి, మర్నాటికి రుచి తేరింది. మే నెలలో మన ఇంట్లో బల్ల మీద అది ఎప్పటికీ గట్టిపడదు. ఫ్రిజ్‌లో రాత్రంతా ఉంచి, తినడానికి అరగంట ముందు తియ్యాలి. ఈ మాట ఏ ఫ్రెంచి పుస్తకంలోనూ ఉండదు, వాళ్లకి అవసరం లేదు. నువ్వే రాయాలి.

గుడ్డు లేకుండా ఎలా అని తప్పకుండా అడుగుతారు, కార్తీకంలో మరీను. గుడ్డు తీస్తే ఈ కేకే లేదు అని చెప్పు. కండెన్స్‌డ్ మిల్క్ డబ్బాతో చేసేది మంచి కేకే, దానికి దాని పేరు పెట్టమను.

చివరిగా ఒక దెబ్బలాట. కవరు మీద నీ చిరునామా చూశాను. ఏలూరు పక్కన పల్లె. మీ చుట్టుపక్కల కొబ్బరి తోటల్లో కోకో వేస్తారు కదా! కాయలు కొమ్మలకి కాకుండా మానుకే అతుక్కుని వేలాడుతుంటాయి, పచ్చవీ ఎర్రవీ. కొడితే లోపల తెల్లటి పుల్లతీపి గుజ్జు, అందులో గింజలు. గుజ్జుతో సహా కప్పెట్టి అయిదారు రోజులు పులియబెట్టి, ఎండబెట్టి అమ్ముతారు. పులియకపోతే చాక్లెట్ వాసన అన్నదే పుట్టదు. అంత సంగతి నీ ఇంటి వెనకే జరుగుతుంటే ఈఫిల్ టవర్ దాకా ఎందుకు పరిగెత్తావు? ఓ పొద్దున్నే వెళ్లి ఆ పులుపు వాసన ఎలా ఉందో చూసి రా. నాకూ రాయి, నేను ఎండిన గింజలే చూశాను గానీ పులుస్తున్న కుప్ప దగ్గర నిలబడలేదు.

రెండోసారి రాసేటప్పుడు రెండు పేజీలు దాటనివ్వకు. "అద్భుతం" తొమ్మిదిసార్లు ఉంది, ఎర్ర పెన్నుతో సున్నాలు చుట్టాను. వచ్చే నెల పదో తారీఖులోపు పంపితే చూస్తాను, ఆ తర్వాత మనవడి దగ్గరికి వెళుతున్నా.

ఉంటాను,
పెద్దమ్మ

తా.క. టిన్నుకి వెన్న రాశాక మైదా చల్లావని రాశావు. నల్లకేకు మీద తెల్లమచ్చలు పడి ఉంటాయి, అవీ క్రీముతోనే కప్పావా? కోకో పొడి చల్లు.