ఒకే గదిలో ఐదుగురు, చేతిలో ఐదువేలు: ముందు ఏం కొనాలి?

మీరు అడిగింది ఇదీ: విజయవాడలో ఒక గది, వంటగది ఉన్న పోర్షన్ అద్దెకు తీసుకున్నారు. గది పది బై పన్నెండు. మీరిద్దరు, ఇద్దరు పిల్లలు, మీ అత్తగారు. చేతిలో ఐదువేలున్నాయి. ఏం కొనాలి, సామాను ఎలా సర్దుకోవాలి అని.

మేం సింగ్‌నగర్‌లో సరిగ్గా అంతే ఉన్న పోర్షన్‌లో పదకొండేళ్లుగా ఉంటున్నామండీ. మేమూ ఐదుగురమే. మీ ప్రశ్న చదవగానే మేం దిగిన మొదటి నెల గుర్తొచ్చింది.

మొదటి వారం ఏమీ కొనకండి. మేం చేసిన తప్పు అదే. దిగిన నాలుగో రోజునే వాయిదాల మీద డబుల్ కాట్ తెచ్చుకున్నాం. ఆరడుగుల పొడవు, ఐదడుగుల వెడల్పు, అంటే 30 చదరపు అడుగులు. గది మొత్తం 120. పావు గది మంచానికే పోయింది. బీరువా తలుపు సగమే తెరుచుకునేది. మా ఆయన అన్నానికి కూర్చుంటే పిల్లలు ఆయన్ని దాటుకుని వంటగదిలోకి వెళ్లాల్సి వచ్చేది. ఏడాది తిరక్కుండానే సగం ధరకు అమ్మేశాం. అమ్మేశాక కూడా ఇంకో ఐదు నెలలు వాయిదాలు కట్టాం.

అందుకే ముందు ఒక సుద్దముక్క తీసుకోండి. మంచం ఎక్కడ వేద్దామనుకుంటున్నారో, బీరువా ఎక్కడ పెడదామనుకుంటున్నారో కొలిచి నేల మీద గీయండి. తలుపు తెరిస్తే ఎంత దూరం వస్తుందో అదీ గీయండి. రెండు రోజులు ఆ గీతల్ని తొక్కకుండా ఇంట్లో తిరిగి చూడండి. ఎక్కడ కాలు పడుతోందో అక్కడ సామాను పెట్టకూడదని మీకే తెలుస్తుంది.

ఒకటి బాగా ఆలోచించుకోండి. చిన్న ఇంట్లో ఏ వేళకు ఏం జరగాలో ముందు తేలాలి, వస్తువు చోటు తర్వాత తేలుతుంది. మా గది పొద్దున నీళ్లు పట్టుకునే వేళకు బిందెలతో, బకెట్లతో నిండిపోతుంది. పిల్లలు బడికి వెళ్లాక నా కుట్టుమిషను గుమ్మం పక్కకు వస్తుంది, వెలుతురు అక్కడే కాబట్టి. సాయంత్రం ఆరింటికి మిషను తల లోపలికి దించి పైన పలక మూసేస్తే అదే మా పెద్దమ్మాయి చదువుకునే బల్ల. తొమ్మిదిన్నరకు మిషను గోడకు చేరుతుంది, చాపలు పడతాయి. ఎవరూ జరపలేని వస్తువు ఇంట్లో ఒకటో రెండో ఉండాలి, అంతకు మించొద్దు. మాకు అవి బీరువా, మా అత్తగారి మంచం.

పెద్దావిడకు మంచం తప్పకుండా వేయండి. మోకాళ్ల నొప్పులతో నేల మీద పడుకుని లేవడం నరకం. సింగిల్ ఇనుప మంచం పాతది దొరికినా చాలు. దాని కోళ్ల కింద చెక్క దిమ్మలు పెట్టి ఎత్తు పెంచితే కింద రెండు ట్రంకు పెట్టెలు పడతాయి. ఉత్తి ఇటుకలు పెడితే మంచం జారుతుంది, వద్దు. వడ్రంగి దగ్గర మిగిలిన దిమ్మలు తీసుకుని కోడు కూర్చునేలా ఒక్కో దానికి గుంట తీయించుకోండి. ఎత్తు పెంచాక ఆవిడని ఒకసారి కూర్చోబెట్టి చూడండి. పాదాలు నేలకు ఆనాలి. ఆనకపోతే రాత్రిపూట దిగేటప్పుడు పడిపోతారు.

మిగతా నలుగురికీ చాపలు, పల్చటి దూది పరుపులు. పొద్దున చుట్టేసి, పాత చీరతో కుట్టిన గలీబులో దూర్చి గోడవారగా పెడితే వచ్చినవాళ్లు ఆనుకుని కూర్చోవడానికి పనికొస్తాయి. వారానికోసారి డాబా మీద ఎండలో వేయండి. ఇక్కడి ఉక్కకు దూది చెమ్మ పట్టి వాసన వస్తుంది.

ఇప్పుడు కొనాల్సింది. నా లెక్కలో మీ డబ్బులో పెద్ద భాగం పెట్టాల్సింది ఒక ఇనుప రాక్ మీద. బోల్టులతో బిగించేది, అరలు పైకీ కిందికీ మార్చుకునేది. వెడల్పు తగ్గినా ఫర్వాలేదు, ఎత్తు ఉండాలి. నేను పాతది 1,200కు తీసుకుని రంగు వేయించుకున్నాను. పిల్లలు ఎక్కుతారు కాబట్టి పైభాగాన్ని కిటికీ ఊచకు తీగతో గట్టిగా కట్టేయండి. ఆ తర్వాత మూత తిప్పి బిగించే బియ్యం డ్రమ్ము ఒకటి, రెండు చాపలు, తలుపు వెనక కొక్కేలు, బట్టలకు ఒక దండెం. చిన్నాచితకా కొక్కేలు, క్లిప్పులు బీసెంట్ రోడ్డు పక్కన బండ్ల మీద దొరుకుతాయి. గోడకు మేకు కొట్టేముందు ఇంటివాళ్లని ఒక మాట అడగండి. కడప బండ అరలకు తలుపులు లేకపోతే స్ప్రింగు తీగ మీద పాత చీర కర్టెనుగా వేసుకోండి, కానీ పొయ్యి దగ్గర మాత్రం గుడ్డ ఏదీ వేలాడకూడదు. ఇదంతా కలిపి మూడున్నర వేలు దాటనివ్వకండి. మిగిలింది దగ్గర పెట్టుకోండి, రెండో నెలలో అసలు అవసరం ఏమిటో తెలుస్తుంది.

వంటగది గురించి పెద్దగా చెప్పేది లేదు. గిన్నెల స్టాండు గోడకు బిగించండి. ఉల్లిపాయలు ఉట్టిలో వేలాడదీసి, బంగాళాదుంపలు వేరే చోట పెట్టండి. రెండూ కలిపితే త్వరగా పాడవుతాయి. గ్యాస్ బండ నిలబెట్టే ఉంచండి, గాలి ఆడని అరలో పెట్టి మూసేయకండి. ఏడాది ఆవకాయ జాడీ పుట్టింట్లోనే ఉంచుకుని నెలకు సరిపడా సీసాలో తెచ్చుకోండి. పెళ్లిలో వచ్చిన స్టీలు సామాను కూడా అంతే, అక్కడే ఉండనివ్వండి.

ఏది ఎత్తున పెట్టాలి, ఏది కింద పెట్టాలి అన్నది నాకు వరద నేర్పింది. 2024 సెప్టెంబరు 1, ఆదివారం. బుడమేరు వాగు నీళ్లు మా వీధిలోకి వచ్చేసరికి పిల్లల్నీ అత్తగారినీ పైఅంతస్తుకు చేర్చడమే సరిపోయింది. నీళ్లు తీశాక వచ్చి చూస్తే మంచం కింది ట్రంకు పెట్టెలో మా సర్టిఫికెట్లు, బ్యాంకు పుస్తకాలు, పెళ్లి ఫొటోలు ముద్దయిపోయి ఉన్నాయి. కాగితం కాగితం విడదీసి, మధ్యలో పాత పేపర్లు వేసి, పైఅంతస్తులో ఫ్యాను కింద ఆరబెట్టాను. మా ఆయన టెన్త్ సర్టిఫికెట్ మీద ఇంకు పాకిపోయింది, ఫొటోల్లో నాలుగే మిగిలాయి. బియ్యం డ్రమ్ము మాత్రం తేలి వంటగది గుమ్మానికి అడ్డం పడి ఉంది. మూత తిప్పి చెయ్యి పెడితే బియ్యం పొడిగా ఉన్నాయి. అక్కడే కూలబడి ఏడ్చేశాను.

ఇప్పుడు కాగితాలన్నీ ఒకే జిప్పు సంచిలో రాక్ పైఅరలో ఒక కొక్కేనికి ఉంటాయి. లేచి ఒక్క చేత్తో తీసుకుని బయటికి నడవొచ్చు. మంచం కింద తడిసినా ఉతుక్కోగలిగినవే ఉంటాయి: బొంతలు, దుప్పట్లు, పాత బట్టలు, మధ్యలో కలరా ఉండలు. మీ పోర్షన్ కింది అంతస్తులో ఉంటే ఈ ఒక్కటి మర్చిపోకండి.

చివరగా మీ అత్తగారి సంగతి. మేం కొత్తగా దిగినప్పుడు మా అత్తగారి పాత రేకు పెట్టె ఖాళీ చేసి పప్పులు పోసుకుందామనుకున్నాను. అందులో ఉన్నవి మామగారి పంచె, కళ్లజోడు, నాలుగు ఉత్తరాలు. అడక్కుండా తీసి మంచం మీద పెట్టాను. ఆవిడ ఒక్క మాట అనలేదు, రెండు రోజులు నాతో మాట్లాడలేదు. తప్పు చేశానని మూడో రోజు చెప్పి, అన్నీ మళ్లీ ఆ పెట్టెలో సర్ది, తాళం ఆవిడ చేతికే ఇచ్చాను. వరద రోజు ఆవిడ చంకలో ఉన్నది ఆ పెట్టె ఒక్కటే. ఎంత ఇరుకు ఇల్లయినా ప్రతి మనిషికీ వేరెవరూ ముట్టుకోని చోటు కావాలి. పిల్లలకైతే పేరు కుట్టిన సంచి ఒక్కోటి, ఒక్కో కొక్కేనికి. అత్తగారికి మంచం తలాపున ఒక చిలక్కొయ్య కొట్టించండి. మందులు, కళ్లజోడు ఉన్న సంచి చెయ్యి చాస్తే అందేలా.

మీ గదిలో కిటికీ ఏ గోడకుంది, తలుపు లోపలికి తెరుచుకుంటుందా బయటికా అన్నది రాయండి. కిటికీకి అడ్డం రాకుండా బీరువా ఎక్కడ పడుతుందో చూసి చెబుతాను. ఎక్కడ పెట్టినా గోడకు రెండు వేళ్ల ఎడం ఉంచండి, వానాకాలం చెమ్మకు వెనక రేకు తుప్పు పడుతుంది.